ఇరాక్ యుద్ధానికి ‘నిఘా పొరపాటు’ అనే పేరు సరిపోదు

ఇరాక్ యుద్ధం మాట వచ్చిన ప్రతిసారీ ఒక సందేశం చేతులు మారుతూ మన దాకా వస్తుంది. మాటలు కాస్త అటూ ఇటూ అయినా సారం ఇదే: “2003లో సద్దాం హుస్సేన్ దగ్గర సామూహిక జనహనన ఆయుధాలు ఉన్నాయని ప్రపంచంలోని నిఘా సంస్థలన్నీ చెప్పాయి. బుష్, బ్లెయిర్ ఆ నివేదికలు చూసి నమ్మారు, అంతే. సద్దాం తనిఖీలకు ఒప్పుకోకపోబట్టే యుద్ధం వచ్చింది. తర్వాత అక్కడ రసాయన ఆయుధాలు, యురేనియం దొరికాయి కూడా. అమెరికాలో, బ్రిటన్‌లో ఎన్ని విచారణలు వేసినా నాయకుల తప్పు లేదనే తేలింది. అంతా అయిపోయాక వేలెత్తి చూపడం ఎవరికైనా సులువే.”

చదివితే సబబుగానే అనిపిస్తుంది. కోపం లేకుండా, పెద్దమనిషి తరహాలో రాసినట్టు ఉంటుంది. అందుకే దీన్ని చదువుకున్నవాళ్లు కూడా ఆలోచించకుండా పంపేస్తున్నారు. నేను దీన్ని తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ చిన్న గాజు సీసా పైకెత్తి చూపించి, ఒక చెంచా కన్నా తక్కువ ఆంత్రాక్స్ పొడి ఎంత పని చేయగలదో చెప్పిన దృశ్యం టీవీలో చూసి నమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన వెనక కుర్చీలో సీఐఏ డైరెక్టర్ జార్జ్ టెనెట్ కూర్చుని ఉన్నారు. ఇంత ధైర్యంగా చెబుతున్నారంటే ఆధారం లేకుండా ఉంటుందా అనుకున్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి వచ్చిన విచారణ నివేదికలు చదివాకే, ఆ రోజు మనకు ఏం చెప్పారో, ఏం చెప్పకుండా వదిలేశారో తెలిసింది.

ఒకటి ముందే ఒప్పుకోవాలి. దీనికి సరిగ్గా ఎదురు వాదన కూడా ఒకటుంది: “ఆయుధాలు లేవని అందరికీ ముందే తెలుసు, కథంతా కావాలని అల్లారు” అని. అదీ నిజం కాదు. 1988 మార్చిలో హలబ్జాలో సద్దాం సైన్యం విషవాయువులతో వేలమంది కుర్దులను చంపింది. 1991 గల్ఫ్ యుద్ధం ముగిశాక తనిఖీకి వెళ్తే, ఇరాక్ అణు కార్యక్రమం సీఐఏ ఊహించిన దాని కన్నా చాలా ముందుకు వెళ్లిందని బయటపడింది. ఒకసారి తక్కువ అంచనా వేసి దెబ్బతిన్నవాళ్లు రెండోసారి ఎక్కువ భయపడటం సహజం. సద్దాంను అనుమానించడానికి కారణాలున్నాయి. నా అభ్యంతరం అనుమానం మీద కాదు. ఆ అనుమానాన్ని రూఢి అయిన నిజంగా మార్చి పార్లమెంటుల ముందు పెట్టారు, దాని మీదే నా అభ్యంతరమంతా.

“ప్రపంచంలోని నిఘా సంస్థలన్నీ ఒకే మాట చెప్పాయి”

చెప్పలేదు. అమెరికా లోపలే చెప్పలేదు.

అల్యూమినియం గొట్టాల సంగతి చూడండి. ఇరాక్ తెప్పించుకుంటున్న గట్టి అల్యూమినియం గొట్టాలు 2001లో జోర్డాన్‌లో పట్టుబడ్డాయి. యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌ల కోసమే వాటిని తెప్పిస్తున్నారని సీఐఏ అంది. అమెరికాలో సెంట్రిఫ్యూజ్‌ల గురించి బాగా తెలిసినవాళ్లు ఇంధన శాఖ శాస్త్రవేత్తలు. ఆ శాఖ మాత్రం, ఈ గొట్టాలు ఆ పనికి కుదిరేవి కావనీ, ఇరాక్ ఎప్పటినుంచో తయారు చేసుకుంటున్న 81 మిల్లీమీటర్ల రాకెట్లకు సరిగ్గా సరిపోతాయనీ చెప్పింది. విదేశాంగ శాఖలోని నిఘా విభాగం కూడా ఆ మాటే సమర్థించింది. అణు కార్యక్రమం మళ్లీ మొదలైందనడానికి చాలినంత ఆధారం లేదని రాతపూర్వకంగా అసమ్మతి తెలిపింది. అయినా 2002 సెప్టెంబర్ 8న జాతీయ భద్రతా సలహాదారు కాండొలీజా రైస్ టీవీలోకి వచ్చి, ఆ గొట్టాలు నిజానికి అణ్వాయుధ కార్యక్రమాలకే పనికొస్తాయని చెప్పారు. నిపుణులు విభేదిస్తున్నారనే ముక్క ఆ రోజు ప్రేక్షకులకు చేరలేదు.

పైలట్ లేని చిన్న విమానాలతో ఇరాక్ క్రిములు చల్లబోతోందన్న వాదన కూడా అంతే. అలాంటి విమానాల గురించి ఎక్కువ తెలిసింది అమెరికా వైమానిక దళానికి. వాటి అసలు పని నిఘా కావచ్చని ఆ దళం నిఘా విభాగమే అసమ్మతి రాసింది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ‘కర్వ్‌బాల్’ కథ. 1999లో జర్మనీ చేరి ఆశ్రయం కోరిన ఒక ఇరాకీ కెమికల్ ఇంజనీరుకు నిఘా వర్గాలు పెట్టిన మారుపేరు అది. లారీల మీద తిరిగే క్రిమి ఆయుధ ప్రయోగశాలలున్నాయని అతను జర్మన్ గూఢచార సంస్థకు చెప్పాడు. అతని మాటల మీద ఆధారపడి వందకు దగ్గరగా నివేదికలు తయారయ్యాయి. పావెల్ బొమ్మలు గీయించి మరీ చూపించిన సంచార ప్రయోగశాలలు ముఖ్యంగా ఇతను చెప్పినవే. యుద్ధానికి ముందు సీఐఏ మనుషులు అతన్ని నేరుగా ప్రశ్నించనేలేదు. జర్మన్లు అందుకు ఒప్పుకోలేదు. అమెరికా తరఫున అతన్ని చూసింది ఒకే ఒక్క అధికారి, అదీ 2000లో ఒకసారి. అప్పుడే ఆ అధికారికి ఇతని మీద నమ్మకం కుదరలేదు.

పావెల్ ప్రసంగానికి ముందు రోజు అదే అధికారి ప్రసంగం ముసాయిదా చూసి, ఈ మనిషి మాట మీద ఇంత భారం పెడతారా అని సీఐఏకి ఈమెయిల్ రాశాడు. వచ్చిన జవాబు 2004 నాటి అమెరికా సెనేట్ నిఘా కమిటీ నివేదికలో అచ్చయింది. కర్వ్‌బాల్ ఏం చెప్పినా, చెప్పకపోయినా ఈ యుద్ధం జరిగి తీరుతుందనీ, అతనికి నిజంగా తెలుసో లేదో పైవాళ్లకు బహుశా పెద్దగా పట్టదనీ దాని సారాంశం. నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. జవాబు రాసిన వ్యక్తి చిన్న ఉద్యోగి కాదు, ఇరాక్ ఆయుధాల మీద పనిచేసే సీఐఏ బృందానికి ఉపనాయకుడు. 2011లో కర్వ్‌బాల్ స్వయంగా ఒక బ్రిటిష్ పత్రికకు ఇంటర్వ్యూ ఇచ్చి, తాను చెప్పింది అబద్ధమనీ, సద్దాంను దించాలనే అలా చెప్పాననీ ఒప్పుకున్నాడు.

ఇక మిగతా దేశాలు. నెదర్లాండ్స్ ప్రభుత్వం వేసిన డేవిడ్స్ కమిషన్ 2010 జనవరిలో నివేదిక ఇచ్చింది. డచ్ నిఘా సంస్థల అంచనాలు మంత్రులు బయట చెప్పిన దాని కన్నా ఆచితూచి ఉన్నాయని, మంత్రులు తమకు అనుకూలమైన ముక్కలే ఎంచుకున్నారని చెప్పింది. ఆస్ట్రేలియా నిఘా సంస్థల అంచనాలు కూడా అమెరికా, బ్రిటన్ నివేదికల కన్నా నెమ్మదిగా ఉన్నాయని అక్కడి పార్లమెంటు కమిటీ గుర్తించింది. ఆస్ట్రేలియా నిఘా విశ్లేషకుడు ఆండ్రూ విల్కీ ఈ కారణం మీదే యుద్ధం మొదలవడానికి వారం రోజుల ముందు రాజీనామా చేశారు.

డేవిడ్ కే 2004 జనవరిలో సెనేట్ ముందు “దాదాపు మనమంతా తప్పే” అన్న మాట ఈ సందేశాలు పంపేవాళ్లకు బాగా ఇష్టం. ఇరాక్‌లో ఆయుధాలు వెతికిన బృందానికి ఆయన నాయకుడు కాబట్టి ఆ మాటకు బరువుంది. అందులోని ‘దాదాపు’ అన్న పదాన్ని మాత్రం ఎవరూ చదవరు. పొరబడని ఆ కొద్దిమంది విషయం తెలిసిన నిపుణులు. వాళ్ల అసమ్మతి అప్పటికే కాగితం మీద ఉంది.

“నాయకులు నివేదికలు చూసి నమ్మారు, అంతే”

ఈ మాట నిజం కావాలంటే ముందు నివేదిక రావాలి, తర్వాత నిర్ణయం జరగాలి. తేదీలు చూస్తే అలా లేదు.

2002 ఆగస్టు 26న ఉపాధ్యక్షుడు డిక్ చెనీ, సద్దాం దగ్గర సామూహిక జనహనన ఆయుధాలు ఉన్నాయనడంలో సందేహమే లేదని బహిరంగ సభలో ప్రకటించారు. అప్పటికి ఇరాక్ ఆయుధాల మీద అన్ని సంస్థలూ కలిసి రాసే సమగ్ర జాతీయ అంచనా అనేదే తయారు కాలేదు. శ్వేతసౌధం దాన్ని అడగనే లేదు. యుద్ధం మీద ఓటు వేయమంటున్నారు, ఆ అంచనా ఏదని సెప్టెంబర్‌లో సెనేటర్లు పట్టుబట్టాకే పని మొదలైంది. మూడు వారాలు తిరక్కుండా, అక్టోబర్ మొదట్లో 90కి పైగా పేజీల రహస్య పత్రం సిద్ధమైంది. నాలుగో తేదీన ప్రజల కోసం దాని చిన్న రూపం విడుదల చేశారు. పదో తేదీన ప్రతినిధుల సభ 296–133తో, ఆ అర్ధరాత్రి దాటాక సెనేట్ 77–23తో యుద్ధానికి అనుమతి ఇచ్చాయి.

ఆ రహస్య పత్రానికీ ప్రజల ముందు పెట్టిన రూపానికీ తేడాను సెనేట్ కమిటీ వాక్యం పక్కన వాక్యం పెట్టి చూపించింది. రహస్య పత్రంలో ‘మా అంచనా ప్రకారం’ అని మొదలైన వాక్యాలు బయటి పత్రంలో ఆ మాట పోగొట్టుకుని నేరుగా నిజాలుగా మారాయి. ఏ సంస్థ ఏ విషయంలో విభేదించిందో చెప్పే భాగాలు కూడా పోయాయి. పేజీలు చాలక తగ్గించారని ఎవరైనా అనొచ్చు. ‘మా అంచనా ప్రకారం’ అనే మూడు పదాలు తీసేస్తే ఎన్ని పేజీలు కలిసొస్తాయి?

బ్రిటన్‌లో ఇంకా స్పష్టంగా ఉంది. 2002 జులై 28న టోనీ బ్లెయిర్ బుష్‌కు రాసిన లేఖ “ఏం జరిగినా నేను మీతోనే ఉంటాను” అన్న మాటతో మొదలవుతుంది. ఇరాక్ యుద్ధంలో బ్రిటన్ పాత్ర మీద ఆ దేశ ప్రభుత్వం వేసిన చిల్కాట్ విచారణలో బయటపెట్టిన పత్రం ఇది. ఇరాక్ ఆయుధాల మీద ప్రభుత్వం పార్లమెంటు ముందు పత్రం పెట్టింది సెప్టెంబర్ 24న, అంటే ఆ లేఖ వెళ్లిన దాదాపు రెండు నెలలకు. ఆ రోజు సభలో బ్లెయిర్, నిఘా సమాచారం విస్తారంగా, వివరంగా, సాధికారికంగా ఉందని చెప్పారు. బ్రిటన్ సంయుక్త నిఘా కమిటీ తనలో తాను రాసుకున్నది మాత్రం, ఆ సమాచారం చెదురుమదురుగా, అతుకులుగా ఉందని. సభలో వినిపించిన మూడు విశేషణాలకూ కమిటీ కాగితం మీద ఉన్న మాటలకూ పొంతన లేదు.

ఆ పత్రంలోనే ప్రసిద్ధమైన ‘45 నిమిషాల’ వాదన ఉంది. ఆజ్ఞ వచ్చిన 45 నిమిషాల్లో ఇరాక్ ఆయుధాలు ప్రయోగించగలదని నాలుగు చోట్ల రాశారు. నిఘా వర్గాలు అన్నది యుద్ధరంగంలో దగ్గరి దూరానికి పేల్చే గుండ్ల గురించి. పత్రంలో ఆ వివరణ లేదు. లండన్ పత్రికలు పెద్ద అక్షరాలతో, దాడికి 45 నిమిషాల దూరంలో ఉన్నామని అచ్చు వేశాయి. రక్షణ శాఖలో రసాయన, క్రిమి ఆయుధాల విశ్లేషణ విభాగాన్ని నడిపిన బ్రయన్ జోన్స్, ఈ మాటను ఇంత గట్టిగా రాయకూడదని ముందే లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పారు. 2004 ఫిబ్రవరిలో బ్లెయిర్ సభలో లేచి, యుద్ధం మీద ఓటింగ్ జరిగిన నాటికి అది ఏ ఆయుధాల గురించో తనకు తెలియదని చెప్పారు. నివేదికలు చదివి నమ్మానన్న ప్రధాని, ఎక్కువ భయపెట్టిన వాక్యానికి అర్థం అడగలేదన్నమాట.

సద్దాం అల్లుడు హుస్సేన్ కామెల్ సంగతి ఇక్కడే చెప్పాలి. ఇరాక్ ఆయుధ కార్యక్రమాలన్నీ చూసిన ఆ మనిషి 1995 ఆగస్టులో జోర్డాన్‌కు పారిపోయాడు. దాచిన కార్యక్రమాల గురించి అతని వల్ల చాలా తెలిసింది. తనిఖీల కన్నా ఇలా ఫిరాయించి వచ్చినవాళ్ల వల్లే ఎక్కువ తెలుస్తుందని చెనీ తన ఆగస్టు ప్రసంగంలో అతన్నే ఉదాహరణగా చూపించారు. కానీ ఐరాస తనిఖీదారులతో కామెల్ ఇంకో మాట కూడా చెప్పాడు: ఆయుధాలన్నిటినీ నాశనం చేయమని తానే ఆదేశించానని, 1991 తర్వాత అవి మిగల్లేదని. మొదటి సగమే వాడుకున్నారు. రెండో సగం వాడలేదు.

నైజర్ యురేనియం కథ చిన్నదే. ఆఫ్రికా దేశమైన నైజర్ నుంచి ఇరాక్ యురేనియం కొనబోయిందని చూపే పత్రాలు 2002 అక్టోబర్‌లో రోమ్‌లోని అమెరికా రాయబార కార్యాలయానికి చేరాయి. 2003 జనవరి 28న బుష్ కాంగ్రెస్ ప్రసంగంలో, ఆఫ్రికాలో సద్దాం యురేనియం కోసం ప్రయత్నించాడని బ్రిటిష్ ప్రభుత్వం కనుక్కుందని చెప్పారు. పత్రాలు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చేతికి వచ్చాక అవి నకిలీవని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. 2000 సంవత్సరం తేదీతో ఉన్న ఉత్తరం కింద, 1989లోనే పదవి దిగిపోయిన విదేశాంగ మంత్రి సంతకం ఉంది. ఆ సంస్థ అధిపతి మహమ్మద్ ఎల్‌బరాదీ మార్చి 7న భద్రతా మండలికి ఇది చెప్పారు. యుద్ధం అప్పటికి రెండు వారాల దూరంలో ఉంది, ఆగలేదు. శ్వేతసౌధం ఆ వాక్యం ప్రసంగంలో ఉండకూడదని ఒప్పుకున్నది జులైలో.

“సద్దాం తనిఖీలకు ఒప్పుకోలేదు”

ఇది సూటిగా అబద్ధం. ఇరాక్ తనిఖీలకు సహకరించాలన్న భద్రతా మండలి 1441 తీర్మానం 2002 నవంబర్ 8న 15–0తో ఆమోదం పొందింది. అదే నెల 27న తనిఖీలు మళ్లీ మొదలయ్యాయి. ఐరాస ఆయుధ తనిఖీల అధిపతి హాన్స్ బ్లిక్స్ బృందం 700కు పైగా తనిఖీలు చేసింది. అనుమతించిన దూరం దాటుతున్నాయని తేలిన అల్ సమూద్-2 క్షిపణులను వాళ్ల కళ్ల ముందే ఇరాక్ పగలగొట్టడం మొదలుపెట్టింది. పశ్చిమ దేశాల నిఘా వర్గాలు చూపించిన చోట్లకు వెళ్తే చెప్పిన ఆయుధాలు కనిపించలేదు. ఇరాక్ సహకారం పూర్తిగా లేదని బ్లిక్స్ కూడా అన్నారు. మిగిలిన పని పూర్తి చేయడానికి వారాలు చాలవు, ఏళ్లూ పట్టవు, నెలలు కావాలి అని అడిగారు. మార్చి 18న వాళ్లు బాగ్దాద్ వదిలి వెళ్లింది బాంబులు పడబోతున్నాయి కాబట్టి. సద్దాం గెంటేయలేదు. బుష్ స్వయంగా 2003 జులైలో, తనిఖీదారులను రానివ్వమంటే రానివ్వలేదని అనేశారు. ఆ పొరపాటు మాటే ఈనాటికీ తిరుగుతోంది.

“తర్వాత ఆయుధాలు, యురేనియం దొరికాయి”

దొరికింది ఏమిటో చూడాలి. 2004 తర్వాత అమెరికా సైనికులకు చాలా చోట్ల రసాయన ఆయుధ గుండ్లు కనిపించాయి, వాటి వల్ల కొందరు గాయపడ్డారు కూడా. అవన్నీ 1991కి ముందు, ఇరాన్‌తో యుద్ధం నాటి పాత సరుకు. తుప్పు పట్టి, కారుతూ, పూడ్చిపెట్టిన స్థితిలో ఉన్నవి. యుద్ధానికి కారణంగా చూపించింది కొత్తగా నడుస్తున్న కార్యక్రమాలను. డేవిడ్ కే తర్వాత అదే పని చేసిన చార్ల్స్ డల్ఫర్ 2004లో ఇచ్చిన నివేదిక, ఇరాక్ తన రసాయన నిల్వలను 1991లో నాశనం చేసిందనీ, అణు కార్యక్రమం అదే ఏడాది ఆగిపోయిందనీ తేల్చింది. ఆంక్షలు తొలగితే మళ్లీ మొదలుపెట్టాలనే కోరిక సద్దాంకు ఉండేదని కూడా అదే నివేదిక అంది. దాన్ని దాచనవసరం లేదు.

యురేనియం అంటారా, 2008లో కెనడాకు తరలించిన 550 టన్నుల ముడి పదార్థం ఇరాక్‌లోని తువైతా అణు కేంద్రంలో 1991కి ముందు నుంచీ ఉన్నదే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కల్లో ఉంది, దాని సీళ్ల కింద ఉంది. అందరికీ తెలిసిన గోదాములో ఉన్న సరుకును రహస్యంగా పట్టుకున్నట్టు చెబుతున్నారు.

“విచారణలన్నీ క్లీన్‌చిట్ ఇచ్చాయి”

ఈ మాట కోసమే నేను ఇదంతా రాయడం మొదలుపెట్టాను. విచారణ సంఘం ఏం తేల్చిందో చూసే ముందు దాన్ని ఏం తేల్చమన్నారో చూడాలి. మన దగ్గర కూడా కమిషన్ వేశారనగానే పరిశీలనాంశాలు ఏమిటని అడిగేవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లు అడిగేది సరైన ప్రశ్న.

హటన్ విచారణ: బ్రిటన్ రక్షణ శాఖ ఆయుధ నిపుణుడు డేవిడ్ కెల్లీ 2003 జులైలో చనిపోయారు. పత్రంలో ‘45 నిమిషాల’ వాదనపై బీబీసీ ప్రసారం చేసిన కథనానికి సమాచారం ఇచ్చింది ఆయనేనని బయటపడిన కొద్ది రోజులకే ఇది జరిగింది. ఆయన మరణానికి దారితీసిన పరిస్థితులు చూడమని లార్డ్ హటన్‌ను నియమించారు. 2004 జనవరి 28న వచ్చిన నివేదిక ప్రభుత్వాన్ని తప్పు పట్టలేదు, బీబీసీని పట్టింది. బీబీసీ ఛైర్మన్, డైరెక్టర్ జనరల్ ఇద్దరూ పదవులు వదిలారు. ఇదే ‘క్లీన్‌చిట్’ అని ఎక్కువ మంది చెప్పేది. నిఘా సమాచారం నమ్మదగినదా కాదా అన్నది తన పరిధిలో లేదని హటన్ తన నివేదికలోనే రాసుకున్నారు.

బట్లర్ విచారణ: ఇరాక్ ఆయుధాల మీద నిఘా సమాచారాన్ని పరిశీలించడానికి బ్రిటన్ ప్రభుత్వం వేసింది ఇది. వ్యక్తుల చర్యల కన్నా వ్యవస్థలు, పద్ధతుల మీద దృష్టి పెట్టమని ముందే చెప్పారు. ఆ షరతు నచ్చక లిబరల్ డెమోక్రాట్లు సభ్యుణ్ని పంపలేదు. కన్సర్వేటివ్ నాయకుడు కూడా తర్వాత మద్దతు ఉపసంహరించుకున్నారు. 2004 జులై 14న వచ్చిన నివేదిక, కావాలని వక్రీకరించిన ఆధారం లేదని చెప్పింది, నిజమే. దానితోపాటు, నిఘా సమాచారం మోయగలిగిన దాని కన్నా ఎక్కువ బరువు దాని మీద పెట్టారని కూడా చెప్పింది. సందేశాలు పంపేవాళ్లు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతారు. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం స్వయంగా బట్లర్‌దే. 2007 ఫిబ్రవరిలో ఆయన ప్రభువుల సభలో లేచి, సమాచారం విస్తారం, వివరం, సాధికారం అన్న బ్లెయిర్ మాటను నిఘా వర్గాలు ఆయనకు ఇచ్చినది ఏ విధంగానూ సమర్థించలేదని చెప్పారు. ఈ విచారణ నడిపిన మనిషే అలా అన్నాక క్లీన్‌చిట్ ఎక్కడిది?

అమెరికాలో బుష్ నియమించిన సిల్బర్‌మన్–రాబ్ కమిషన్ 2005 మార్చిలో, ఇరాక్ ఆయుధాల విషయంలో నిఘా సంస్థలు పూర్తిగా పొరబడ్డాయని తేల్చింది. విశ్లేషకుల మీద రాజకీయ ఒత్తిడి కనబడలేదంది. ఆ నివేదిక మొదట్లోనే ఇంకో వాక్యం ఉంది: నాయకులు ఈ సమాచారాన్ని ఎలా వాడుకున్నారో విచారించే అధికారం తమకు ఇవ్వలేదని.

సెనేట్ కమిటీ తన పనిని రెండుగా విడగొట్టింది. నిఘా సంస్థల తప్పులు చూసే మొదటి భాగం 2004 జులైలో, ఎన్నికలకు నాలుగు నెలల ముందు వచ్చింది. నాయకులు ఏం మాట్లాడారు, ఆ మాటలకు ఆధారం ఉందా అని చూసే భాగాన్ని ఎన్నికల తర్వాతకి నెట్టేశారు. అది వచ్చింది 2008 జూన్‌లో, బుష్ రెండోసారి గెలిచి పదవీకాలం చివరికి వస్తున్నప్పుడు. రసాయన, క్రిమి ఆయుధాల గురించి నాయకులు అన్న చాలా మాటలకు అప్పటి అంచనాల్లో ఆధారం ఉందని, అయితే అందులోని సందేహాలను వాళ్లు చెప్పలేదని ఆ నివేదిక అంది. సద్దాంకూ అల్ ఖైదాకూ భాగస్వామ్యం ఉందన్న మాటలకు మాత్రం ఆధారమే లేదని తేల్చింది. అల్ ఖైదాకు ఇరాక్ రసాయన ఆయుధాల శిక్షణ ఇచ్చిందని పావెల్ చెప్పిన విషయం ఇబ్న్ అల్ షేక్ అల్ లిబీ అనే ఖైదీ నుంచి వచ్చింది. అతన్ని ఈజిప్టుకు అప్పగించాక చెప్పిన మాట అది. చిత్రహింస తప్పించుకోవడానికే కల్పించి చెప్పానని తర్వాత వెనక్కి తీసుకున్నాడు. రక్షణ శాఖ నిఘా సంస్థ 2002 ఫిబ్రవరిలోనే, అంటే పావెల్ ప్రసంగానికి ఏడాది ముందే, ఈ మాట నమ్మదగింది కాదేమోనని రాసింది.

చివరిది చిల్కాట్. 2009లో మొదలై 2016 జులై 6న ముగిసింది. పన్నెండు సంపుటాలు, 26 లక్షల పదాలు. అది న్యాయస్థానం కాదు, యుద్ధం చట్టబద్ధమా కాదా అని తీర్పు చెప్పలేదు. చెప్పిన మాటలు ఇవి: శాంతియుత మార్గాలు అయిపోకముందే బ్రిటన్ దాడిలో చేరింది, ఆ సమయానికి యుద్ధం చివరి మార్గం కాదు. ముప్పు ఎంత తీవ్రమో చెప్పిన అంచనాలను సమర్థించలేనంత రూఢిగా ప్రజల ముందు పెట్టారు. చట్టపరమైన ఆధారం ఉందని నిర్ణయించుకున్న తీరు ఏమాత్రం సంతృప్తికరంగా లేదు. 2009 జులై నాటికి కనీసం లక్షా యాభై వేల మంది ఇరాకీలు చనిపోయారని, వాళ్లలో ఎక్కువ మంది సాధారణ పౌరులేనని, పది లక్షలకు పైగా మనుషులు ఇళ్లు వదిలారని కూడా చిల్కాట్ ఆ రోజు చదివి వినిపించారు. దీన్ని క్లీన్‌చిట్ అనేవాళ్లు ఆ నివేదిక సారాంశమైనా తెరిచి ఉండరు.

“అంతా అయిపోయాక వేలెత్తి చూపడం సులువు”

అప్పుడే చూపించినవాళ్లున్నారు. బ్రిటన్ మాజీ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ 2003 మార్చి 17న మంత్రి పదవికి రాజీనామా చేస్తూ, మామూలుగా మనం అనుకునే అర్థంలో ఇరాక్ దగ్గర సామూహిక జనహనన ఆయుధాలు బహుశా లేవని సభలోనే చెప్పారు. మర్నాడు యుద్ధానికి వ్యతిరేకంగా 149 మంది ఓటు వేశారు. మన లోక్‌సభ కూడా 2003 ఏప్రిల్ 8న, యుద్ధం నడుస్తుండగానే, దాన్ని నిరసిస్తూ ఏకగ్రీవ తీర్మానం చేసింది. సైన్యాన్ని పంపమని అమెరికా అడిగితే, ఐరాస స్పష్టమైన ఆదేశం లేకుండా పంపబోమని వాజపేయి ప్రభుత్వం జులై 14న నిర్ణయించింది.

యుద్ధం తర్వాత వచ్చే కష్టం ఇంత ఉంటుందని ముందు తెలియలేదన్న బ్లెయిర్ వాదనకు చిల్కాట్ నేరుగా జవాబిచ్చారు. ఇది తెలుసుకోవడానికి జరిగిపోయాక వచ్చే జ్ఞానం అక్కర్లేదన్నారు. ఇరాక్‌లో అంతఃకలహాలు, ఇరాన్ జోక్యం, ఆ ప్రాంతమంతా అస్థిరత, అల్ ఖైదా చురుకుదనం, ఈ నాలుగు ప్రమాదాలనూ దాడికి ముందే స్పష్టంగా గుర్తించారని రాశారు. బ్రిటన్ సంయుక్త నిఘా కమిటీ, ఇరాక్ మీద సైనిక చర్య జరిగితే అల్ ఖైదా ముప్పు పెరుగుతుందని బ్లెయిర్‌ను హెచ్చరించింది. ఆ అంచనా తేదీ 2003 ఫిబ్రవరి 10. పావెల్ న్యూయార్క్‌లో గాజు సీసా ఎత్తి చూపించి అప్పటికి ఐదు రోజులు. నిఘా వర్గాల మాట నమ్మడమే నాయకులు చేసిన పని అయితే, ఆ కాగితం కూడా వాళ్ల బల్ల మీదే ఉంది.